పాత యుద్ధ పతకం ఎవరిదో తేల్చడానికి ఏది మేలు: లోహమా, రికార్డా?

పాత సైనిక పతకం చేతికి రాగానే ఎవరైనా ముందు చేసేది ఫోటో తీసి నెట్‌లో వెతకడం. బొమ్మకు బొమ్మ దొరుకుతుంది, పతకం పేరు తెలుస్తుంది, ఇక పనైపోయిందనిపిస్తుంది. కానీ ఈ పనిలో పేరు తెలుసుకోవడమే అన్నిటికన్నా తేలిక. ఇది ఆ రోజుల్లో ఇచ్చిన అసలు పతకమేనా? ఎవరికి ఇచ్చారు? ఆ మనిషి నిజంగా ఆ యుద్ధంలో ఉన్నాడా? రిబ్బన్ మీదున్న, ఒక్కో పోరాటాన్ని సూచించే లోహపు పట్టీలన్నీ అతనికి దక్కినవేనా? తేల్చాల్సినవి ఇవి.

ఇందుకు నాలుగు దార్లు ఉన్నాయి. వస్తువునే చేతిలో పట్టుకుని పరీక్షించడం, ప్రభుత్వ రికార్డులు తిరగేయడం, బొమ్మల పుస్తకాలూ వేలం కేటలాగులూ చూడడం, తెలిసినవాళ్లను అడగడం. నా అభిప్రాయం ముందే చెబుతాను: వస్తువుతోనే మొదలుపెట్టాలి. రికార్డు మనిషి గురించి సాక్ష్యం చెబుతుంది, మన చేతిలో ఉన్న లోహం గురించి చెప్పదు. ఫలానా సిపాయికి పతకం ఇచ్చారని రిజిస్టరులో ఉండొచ్చు. ఆ పతకం ఇదేనని మాత్రం అందులో ఉండదు. ఈ తేడా మరిచిపోయినవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

ఫోటో పోల్చి చూడడం ఎందుకు చాలదో ముందు చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మిత్రదేశాలన్నీ ఎవరికి వారు విక్టరీ మెడల్ చేయించుకున్నాయి. రిబ్బన్ మాత్రం అందరికీ ఒకటే, రెండు ఇంద్రధనుస్సులు పక్కపక్కన పెట్టినట్టుండేది. ముందువైపు చాలా దేశాలు రెక్కల విజయదేవత బొమ్మే వేశాయి. ఫోటోలో బ్రిటిష్‌దీ బెల్జియందీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. జర్మన్ ఐరన్ క్రాస్ మరీ చిక్కు. ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం 1813లో దాన్ని నెలకొల్పాడు. తర్వాత 1870, 1914, 1939 యుద్ధాల్లో అదే ఆకారాన్ని మళ్లీ తీసుకొచ్చారు. శిలువ కింది చేతి మీద ఏ సంవత్సరం ఉందో చూస్తే ఏ యుద్ధానిదో తెలుస్తుంది, కానీ ఆ సంవత్సరంలోనే తయారైందని దాని అర్థం కాదు. పశ్చిమ జర్మనీ 1957లో చేసిన చట్టం ప్రకారం స్వస్తిక తీసేసి, ఆ చోట ఓక్ ఆకులు పెట్టిన 1939 క్రాస్‌లు కూడా ఉన్నాయి. పాత సైనికులు పెట్టుకోవడానికని అనుమతితో చేసినవి అవి. నకిలీలు కావు, యుద్ధకాలంవీ కావు.

బొమ్మకూ ఘటనకూ మధ్య కాలం తేడా ఉండొచ్చని కూడా ఫోటో చెప్పదు. నెపోలియన్ కాలపు యుద్ధాలకు బ్రిటన్ ఇచ్చిన మిలిటరీ జనరల్ సర్వీస్ మెడల్ మీద విక్టోరియా రాణి తల ఉంటుంది. ఆ పతకం లెక్కలోకి వచ్చిన యుద్ధాలు 1814కే ముగిశాయి, ఆమె పుట్టింది 1819లో. పతకం ప్రకటించింది 1847లో, అదీ అప్పటికి బతికి ఉండి అర్జీ పెట్టుకున్నవాళ్లకే. కాబట్టి ఆ పతకం అంచున ఒక పేరుందంటే, ఆ సిపాయి యుద్ధంలో బతికి బయటపడి ముసలితనం దాకా ఉన్నాడని ఏ రికార్డూ తెరవకుండానే తెలిసిపోతుంది. ఒక చిన్న వెండిబిళ్ల అంత చెబుతుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

లోహం చెప్పేది

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్, గ్రాము భిన్నాలు చూపే తూకం, ఒక అయస్కాంతం ఉంటే చాలు.

బ్రిటిష్ యుద్ధ పతకాల్లో చాలావాటికి అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. వాటిలో ఎక్కువశాతం 36 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. పాత పేరును ఆకురాయితో అరగదీసి ఇంకో పేరు వేస్తే అక్కడి లోహం తగ్గక తప్పదు. అందుకే వ్యాసం ఒక్కచోట కొలిస్తే లాభం లేదు. పతకాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి. సబ్బుబిళ్ల ఒక పక్కే అరిగినట్టు, పేరున్న వైపు కొలత తగ్గిందంటే ఆగి ఆలోచించాలి. అరగదీసిన చోట అంచు మొన కాస్త పదునుగా కూడా తగులుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

తర్వాత అక్షరాలు. యంత్రంతో అచ్చు కొట్టిన అక్షరం ఒక్క దెబ్బతో దిగుతుంది, లోతు సమానంగా ఉంటుంది. ఉలితో చెక్కిన అక్షరంలో చేతి కదలిక కనిపిస్తుంది: మొదట్లో సన్నగా, మధ్యలో లోతుగా, చివర మళ్లీ సన్నగా. ఏది అసలుదన్నది పతకాన్ని బట్టి ఉంటుంది. 1815 యుద్ధానికి ఇచ్చిన వాటర్లూ మెడల్ మీద పేర్లు యంత్రంతో అచ్చు కొట్టారు. హోదాతో పనిలేకుండా సైన్యంలో అందరికీ బ్రిటన్ ఇచ్చిన మొదటి పతకం అదే. దానిమీద చేత్తో చెక్కిన పేరుంటే అనుమానించాలి. రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధానికి ఇచ్చిన క్రిమియా మెడల్ సంగతి అందుకు పూర్తిగా వేరు. 1854లో మొదలైన ఆ పతకాలు చాలామందికి పేరు లేకుండానే చేరాయి. వెనక్కి పంపి పేరు అచ్చు కొట్టించుకున్నవాళ్లున్నారు, తమ ఊరి కంసాలి చేత చెక్కించుకున్నవాళ్లూ ఉన్నారు. అందువల్ల క్రిమియా పతకం మీద చెక్కిన పేరు తప్పూ కాదు, రుజువూ కాదు. నకిలీగాళ్లు ఈ ఖాళీలోనే దూరతారు. బలక్లావాలో 1854 అక్టోబరు 25న రష్యన్ ఫిరంగుల మీదికి దూకిన లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ గుర్రపు దళంవాళ్ల పేర్లు చరిత్రలో నమోదై ఉన్నాయి. పేరు లేని ఒక క్రిమియా పతకం తెచ్చి, ఆ జాబితాలోంచి ఒక పేరు దింపి, అంచున చెక్కితే దాని విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇలాంటి చోట రిజిస్టరు తీసి చూస్తే పేరు కచ్చితంగా దొరుకుతుంది. నకిలీగాడు తీసుకున్నదీ అక్కడినుంచే కదా!

మార్పు కనిపించిన ప్రతిదీ మోసమని కూడా అనుకోవద్దు. వాటర్లూ పతకానికి మొదట ఉన్నది ఉక్కు క్లిప్పు, ఉక్కు రింగు. అది తుప్పు పడితే చాలామంది సిపాయిలు తీయించి అందమైన వెండి కొక్కెం వేయించుకున్నారు. అలా మార్చింది అసలు యజమానే. దానికి కూడా చరిత్ర ఉంది.

అరుగుదల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నకిలీ చేయడానికి అన్నిటికన్నా కష్టమైనది అదే. 1882 నుంచి ఈజిప్టులో పోరాడిన బ్రిటిష్ సైనికులకు ఒక వెండి పతకం దక్కింది. దానితో పాటు ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ తౌఫీక్ ఐదు మొనల కంచు నక్షత్రం ఇచ్చాడు. రెండూ ఛాతీ మీద పక్కపక్కన వేలాడేవి. సిపాయి నడిచినప్పుడల్లా నక్షత్రం మొనలు వెండి పతకానికి కొట్టుకునేవి. ఏళ్ల తరబడి అలా కొట్టుకోవడంతో వెండి మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అది కూడా నక్షత్రం తగిలే వైపే ఎక్కువ. భూతద్దంలో ఆ గుంటలు చూస్తే, ఈ పతకాన్ని ఒక మనిషి నిజంగా పెట్టుకున్నాడని నమ్మకం కుదురుతుంది. బాగా వాడిన జత అని అమ్ముతూ వెండి పతకం మీద ఒక్క గుంట కూడా లేకపోతే, ఆ రెండూ ఒకే ఛాతీ మీద ఎక్కువకాలం ఉన్నవి కావు.

దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి ఇచ్చిన క్వీన్స్ సౌత్ ఆఫ్రికా మెడల్ వెనకవైపు ఇంకో సంగతి ఉంది. యుద్ధం తొందరగా ముగుస్తుందనుకుని మొదట దానిమీద 1899–1900 అని వేశారు. యుద్ధం 1902 దాకా సాగింది. దాంతో ఆ అంకెలు తీసేశారు. అయినా కొన్ని పతకాలను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే బ్రిటన్‌కు ప్రతీకగా వేసే బ్రిటానియా అనే స్త్రీ బొమ్మ పక్కన ఆ అంకెలు నీడలా కనిపిస్తాయి. తర్వాత కొత్త అచ్చు చేశారు. పాతవాటిలో బ్రిటానియా చేతిలోని దండ ఆఫ్రికా అన్న మాటలో ‘ఆర్’ అక్షరం వైపు చూపిస్తుంది, కొత్తవాటిలో ‘ఎఫ్’ వైపు. అంకెలు తీయకుండా ఉన్నవి చాలా కొద్ది, అవి కెనడాకు చెందిన లార్డ్ స్ట్రాత్‌కోనాస్ హార్స్ దళానికి చేరాయి. ఒకే పతకంలో మూడు దశలు, తేడా ఒక అక్షరమంత.

ఇక పోత పోసిన నకలు. అసలు పతకం నుంచి మూస తీసి కరిగిన లోహం పోస్తే, చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది. అందుకే నకలు అసలుకన్నా రవ్వంత చిన్నగా వస్తుంది, అక్షరాల మూలలు మొద్దుబారతాయి, నున్నగా ఉండాల్సిన చోట సూదిమొనలంత రంధ్రాలు కనిపిస్తాయి. అయస్కాంతం ఐరన్ క్రాస్‌కు పనికొస్తుంది. దాని నడుమ నల్లరంగు వేసిన ఇనుప రేకు, చుట్టూ వెండి చట్రం ఉంటాయి. కానీ ఇత్తడి రేకుతో చేసిన అసలువీ ఉన్నాయి. అందుకని ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. రిబ్బన్ మీద అతినీలలోహిత దీపం వేస్తే, ఈ కాలపు దారం నీలంగా మెరుస్తుంది. దాన్నిబట్టి రిబ్బన్ కొత్తదని తెలుస్తుంది, పతకం కొత్తదని కాదు. రిబ్బన్లు చిరిగిపోతే మార్చడం మామూలే.

పరీక్ష పూర్తయ్యేదాకా, ఆ తర్వాత కూడా, దయచేసి పతకాన్ని తోమకండి. పాలిష్ రాసి రుద్దితే అంచు మీద అక్షరాలు, నక్షత్రం చేసిన గుంటలు, నీడలాంటి అంకెలు, అన్నీ ఒక్కసారే పోతాయి. పోయినవి తిరిగి రావు.

రికార్డు చెప్పేది

లోహం చెప్పలేనివి చాలా ఉన్నాయి, అక్కడ రికార్డుకు సాటి లేదు. క్లాస్పుల విషయమే తీసుకోండి. రిబ్బన్ మీద అడ్డంగా ఉండే ఈ లోహపు పట్టీలు ఒక్కో పోరాటాన్ని సూచిస్తాయి. సౌత్ ఆఫ్రికా పతకానికి మొత్తం 26 రకాలున్నాయి. పతకమూ పేరూ పట్టీలూ అన్నీ అసలువే అయినా, వేరే పతకం నుంచి తీసిన పట్టీని ఇందులో కలిపి ఉండొచ్చు. అది లోహంలో దొరకదు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే యుద్ధశాఖ) 100 వరసలో ఉన్న పతకాల రోల్స్ తీస్తే ఎవరికి ఏ పట్టీ దక్కిందో వరసగా రాసి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యానికీ భారత సైన్యానికీ సంబంధించిన రోల్స్ కొన్ని బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి. రిబ్బన్ మీద ఆరు పట్టీలుండి రోల్‌లో నాలుగే ఉంటే, రోల్ మాటే చెల్లుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికులను వెతికేవాళ్లకు ఒక దెబ్బ తగిలింది, ఒక అదృష్టం మిగిలింది. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు సిపాయిల సర్వీసు ఫైళ్లలో దాదాపు 60 శాతం కాలిపోయాయి. కానీ పతకాల ఇండెక్స్ కార్డులు వేరే ఉండడంతో మిగిలాయి. డబ్ల్యూఓ 372 పేరుతో ఆన్‌లైన్‌లో చూడొచ్చు, సుమారు యాభై లక్షల కార్డులు. అంచు మీద ఉన్న సర్వీసు నంబరే ఇక్కడ తాళంచెవి. జాన్ స్మిత్ అన్న పేరుతో వెతికితే వేల కార్డులొస్తాయి. అందుకే అంచు చదివేటప్పుడు పేరుకన్నా ముందు నంబరు రాసుకోవాలి, ప్రతి అంకెనూ రెండోసారి సరిచూసుకోవాలి. అరిగిన 3కీ 8కీ తేడా తెలియక వేరొకరి జీవితాన్ని వెతుకుతూ పోయినవాళ్లున్నారు. అయితే ఈ కార్డు నుంచి ఎక్కువ ఆశించొద్దు. ఏ పతకాలు దక్కాయి, ఏ దళం, మొదట ఏ యుద్ధరంగంలో ఎప్పుడు అడుగుపెట్టాడు: సాధారణంగా అంతే ఉంటుంది. అధికారులు పతకాలకు స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి, వాళ్ల కార్డుల మీద చాలాసార్లు చిరునామా కూడా దొరుకుతుంది.

అమెరికా సైనికుల విషయంలో దెబ్బ ఇంకా పెద్దది. సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో 1973 జులై 12న మంటలు లేచి, కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో 80 శాతం అలా పోయాయి. యుద్ధంలో గాయపడినవాళ్లకూ చనిపోయినవాళ్లకూ ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం, ఆ మధ్యకాలపుది, ఎవరిదో తేల్చాలంటే అసలు ఫైలు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా దళం రోజువారీ నివేదికలు, ఆనాటి పత్రికలు పట్టుకోవాలి. ఫ్రాన్స్ విషయంలో పరిస్థితి మెరుగు. ఆ దేశపు అత్యున్నత పురస్కారం లెజియన్ ద’ఆనర్ పొందినవాళ్ల ఫైళ్లు లెయొనోర్ అనే డేటాబేసులో పేరుతో వెతకొచ్చు. రష్యా రక్షణశాఖ 2010లో తెరిచిన వెబ్‌సైటు ‘పోద్విగ్ నరోదా’లో రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ సైనికుల అవార్డు ఉత్తర్వులు చదవొచ్చు. ఏ రోజు ఏం చేశాడని పతకం ఇచ్చారో కమాండరు రాసిన మాటలే అక్కడుంటాయి. అంత వివరం సాధారణంగా మొదటి ప్రపంచ యుద్ధంలో శౌర్యానికి ఇచ్చిన బ్రిటిష్ మిలిటరీ మెడల్‌కు దొరకదు. 1916లో మొదలైన ఆ పతకం పొందినవాళ్ల పేర్లు ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో అచ్చయ్యాయి, ఎందుకిచ్చారన్నది మాత్రం అచ్చు కాలేదు.

బ్యాడ్జీల లెక్క వేరు

టోపీ బ్యాడ్జీ మీద పేరుండదు, నంబరుండదు. ఎవరిదన్న ప్రశ్నే దాదాపు రాదు. రికార్డులు ఇక్కడ పనికొచ్చేది ఒకందుకే: ఆ దళం ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు రద్దయింది అని తెలుసుకోవడానికి. ఆ ఒక్క సమాచారంతో పాటు కిరీటం చూస్తే చాలా నకిలీలు అక్కడే ఆగిపోతాయి. బ్రిటిష్ బ్యాడ్జీల్లో 1901 నుంచి 1952 దాకా రాజుల కాలపు కిరీటం పైభాగం గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంటుంది. రెండో ఎలిజబెత్ కాలంలో వచ్చినదాని పైభాగం నడుమ కిందికి వంగి ఉంటుంది. మెషిన్ గన్ కోర్ 1915లో పుట్టి 1922లో రద్దయింది. దాని బ్యాడ్జీ మీద గుమ్మటం కిరీటమే ఉండాలి. వంగిన కిరీటంతో ఒకటి కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు.

అంత తేలిగ్గా దొరకనివి పాత అచ్చులతోనే తర్వాతి కాలంలో మళ్లీ కొట్టినవి. అచ్చు అసలుదే కాబట్టి ముందువైపు అసలులాగే ఉంటుంది. బ్యాడ్జీని బోర్లా తిప్పండి. టోపీలో దూర్చే లోహపు నాలుకో, కట్టుకునే కొక్కేలో వెనక అతికించి ఉంటాయి. ఆ అతుకు శుభ్రంగా ఉందా, టంకం చుట్టూ ఒలికి ఉందా, నాలుక పనికొచ్చేంత మందంగా ఉందా చూడాలి. ముందువైపు ఏళ్ల తరబడి తోమినట్టు అరిగిపోయి వెనక అతుకు మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తుంటే రెండిట్లో ఒకటి అబద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం పొదుపు చేయడానికి ప్లాస్టిక్ బ్యాడ్జీలు కూడా చేశారు. చవకబారుగా కనిపిస్తాయని వాటిని పక్కన పడేయకండి. అసలైనవే.

పుస్తకాలూ వేలం కేటలాగులూ ఈ రెండు దార్లకూ తోడు. పుస్తకం ప్రమాణం చెబుతుంది: ఎంత వ్యాసం, ఏ లోహం, ఎన్ని రకాలు. పెద్ద వేలం సంస్థల పాత కేటలాగుల్లో ‘పేరు చెరిపి మళ్లీ వేసినది’, ‘అంచు దెబ్బలు’ అని నిజాయితీగా రాసే వివరణలు చదువుతుంటే కన్ను పదునెక్కుతుంది. తెలిసినవాళ్లను అడగడం ఆఖరున. అడిగేటప్పుడు రెండు వైపుల ఫోటోలు, అంచు చుట్టూ వరసగా తీసిన ఫోటోలు, వేలాడే కొక్కెం దగ్గరి నుంచి తీసినది, వ్యాసం, బరువు పంపితే పనికొచ్చే జవాబు వస్తుంది. ముందువైపు ఒక్క ఫోటో పంపితే వచ్చేది ఊహ.

పేరు లేనివి

అటు లోహమూ ఇటు రికార్డూ చేతులెత్తేసే పతకాలు కొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లు (నక్షత్రం ఆకారపు పతకాలు), మెడళ్లు బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండా ఇచ్చింది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మాత్రం పేర్లు వేయించాయి. శౌర్యానికి ఇచ్చే బ్రిటిష్ మిలిటరీ క్రాస్ కూడా పేరు లేకుండానే ఇచ్చేవారు. గెజెట్‌లో పేరుంటుంది, పతకం మీద ఉండదు. ఆ రెండిటినీ కలిపే దారం మూడోచోట ఉండాలి. సోవియట్ ఆర్డర్ల వెనక వరస సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య సైనికుడి అవార్డు పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం పోతే, పేరుతో వెతికే డేటాబేసులో ఆ సంఖ్య ఒక్కటే పట్టుకుని మనిషిని చేరడం చాలా కష్టం.

అందుకే పేరు లేని పతకాల విషయంలో లోహం, రికార్డు రెండిటికన్నా మేలైనది పక్కనే పడి ఉండే చిత్తుకాగితం. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పతకాలు చాలామందికి చిన్న అట్టపెట్టెలో పోస్టులో వచ్చాయి. పెట్టె మీద చిరునామా, లోపల ఏయే పతకాలు దక్కాయో చెప్పే చీటీ ఉండేవి. ఇంట్లో పెద్దాయన పోయాక పతకాలు అన్నదమ్ములు తలా ఒకటి పంచుకుని, పెట్టె పారేస్తారు. ఆ రోజుతో ఆ పతకాలు ఎవరివైనా కావచ్చు. వెండి ధర ఒక్కసారిగా పెరిగిన 1980లో, మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన వెండి బ్రిటిష్ వార్ మెడళ్లు ఎన్నో కరిగిపోయాయి. జతగా ఉండాల్సిన కంచు విక్టరీ మెడళ్లు ఒంటరిగా మిగిలాయి. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే పంచుకునే ముందు అన్నీ ఒకచోట పెట్టి ఫోటో తీయండి. పెట్టె, చీటీ, ఉత్తరాలు, యూనిఫారంలో ఉన్న ఫోటోలు పతకాలతోనే ఉంచండి. ఎవరివో, ఎక్కడ పనిచేశారో, ఎవరు చెప్పగా తెలిసిందో ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే పెట్టండి.